గోడమీద గ్రాఫు

నడుముకి ఒక బెల్టు, ఛాతీకి ఒక బెల్టు, మోకాళ్ళ కింద స్టూలు, కుడిచేతిలో చిన్న మీట. మీట నొక్కితే గంట మోగుతుంది, యంత్రం ఆగిపోతుంది. భయమేస్తే నొక్కండి మాస్టారూ అని ఫిజియో అమ్మాయి పదహారు వారాలుగా చెబుతూనే ఉంది, భయమా, నాకా అని లెక్కల మాస్టారు పదహారు వారాలుగా నవ్వుతూనే ఉన్నారు, వారానికి మూడు సాయంత్రాల చొప్పున నలభై ఎనిమిది సాయంత్రాలు, ఒక్కసారి కూడా నొక్కిన పాపాన పోలేదు. తెర అవతలి మంచం మీదకొచ్చే డ్రైవరు బాబాయి మొదటివారంలోనే పదిసార్లు నొక్కాడు, ఒకసారైతే దోమ కుట్టిందని కూడా నొక్కాడు. యంత్రం ముప్పై సెకన్లు లాగుతుంది, పది సెకన్లు వదులుతుంది. లాగినప్పుడు నడుంలో నాలుగో పూసా ఐదో పూసా ఒకదాన్నొకటి వదిలి కాస్త ఎడంగా జరుగుతాయట, ఆ సందులోంచి బయటికి తొంగిచూస్తున్న డిస్కు గుజ్జు బుద్ధి తెచ్చుకుని లోపలికి పోతుందట, పోతుందో పోదో దేవుడికెరుక, మాస్టారికి మాత్రం లాగినప్పుడల్లా తన ఎత్తు ఒక అంగుళం పెరిగినట్టుంటుంది, వదిలినప్పుడల్లా మళ్ళీ మామూలే. సీలింగుకి నలభై ఎనిమిది పలకలు. సాయంత్రాలూ నలభై ఎనిమిదే. ఇలాంటి కాకతాళీయాలు కనిపిస్తే మామూలుగా మాస్టారికి పండగే, మర్నాడు క్లాసులో చెప్పేదాకా నిద్ర పట్టదు, ఇవాళ మాత్రం పలకల మీద మనసు నిలవడం లేదు, ఎందుకంటే పొద్దున దొర సరిగ్గా లేవలేదు.

దొర అంటే మాస్టారి ఎడమకాలి బొటనవేలు. ఆర్నెల్ల కిందట జిమ్‌లో బరువెత్తుతుంటే వెన్నులో పటుక్కుమని, ఎడమ కాలంతా కరెంటు తీగ ఈడ్చినట్టయి, ఇనుప బారు వదిలేసి నేలమీద బోర్లాపడినప్పుడు, ఎమ్మారై చూసిన పెద్ద డాక్టరు ఒక్కటే మాట అన్నాడు, ఆపరేషను అక్కర్లేదు, కానీ ఈ బొటనవేలు పైకి లేవడం మానేసిన రోజున ఆలస్యం చెయ్యకుండా నా దగ్గరికి రావాలి అని. ఆ మాట ఇంట్లో చెప్పాక ఏడేళ్ళ కూతురు ఆ వేలి బాధ్యత తన నెత్తిన వేసుకుంది. గోరుమీద పెన్నుతో రెండు కళ్ళు, ఒక నోరు గీసి, వారానికోసారి చెరిగిపోతే మళ్ళీ గీసి, పొద్దున్నే మంచం చివర నిలబడి "దొరగారూ, లేవండి" అంటుంది, దొర లేచి వంగి సలాం చేస్తాడు, అప్పుడుగాని పిల్ల బడికి తయారవదు. ఇవాళ దొర సగం లేచి ఆగిపోయాడు. "నాన్నా, దొర ఇవాళ బద్ధకంగా ఉన్నాడు" అంది పిల్ల. వాడికి నిద్ర చాలలేదులే అన్నారు మాస్టారు, నవ్వారు కూడా, నవ్వుతూనే దుప్పటి లాగి దొరని కప్పేశారు. ఆ దుప్పటి లాగిన చెయ్యి సంగతే ఇప్పుడు ఈ బల్లమీద పదే పదే గుర్తొస్తోంది. పిల్లముందు కప్పాను సరే, నాకు నేను కూడా ఎందుకు కప్పుకున్నట్టు?

తెర అవతల చెప్పుల చప్పుడు, దగ్గు, బల్ల కిర్రుమనడం. డ్రైవరు బాబాయి దిగాడు. ముప్పై రెండేళ్ళు బస్సు నడిపి, సీటులో కూర్చునీ కూర్చునీ డిస్కు జారగొట్టుకుని, రిటైరయ్యాక తీరిగ్గా దాన్ని బాగుచేయించుకుంటున్న మనిషి. మాస్టారూ వాడూ ఒకే వారంలో చేరారు ఇక్కడ. అరవై నాలుగేళ్ళ మనిషిని వాడూ వీడూ అనకూడదు, మనసులో కూడా అనకూడదు, కానీ బాబాయి అంత చనువిచ్చేశాడు. "అమ్మా, కొత్త బూట్లు కొనుక్కొచ్చా, చూశావా?" అంటున్నాడు అవతల. "ఇవాళ ఎత్తేస్తాన్లే. ఆ గోడమీదున్నాయన ఎత్తగా లేంది నేనెత్తలేనా?" ఫిజియో అమ్మాయి నవ్వింది. "ఎత్తుదురుగాని బాబాయ్ గారూ. ముందు వేడి కాపడం పెట్టనివ్వండి. పది నిమిషాలాగి మాస్టారి గ్రాఫులో ఆరో వారం బరువుతో మొదలెడదాం. బారుతో కలిపి ముప్పై కిలోలు." మాస్టారు పలకల్లోంచి కిందపడ్డారు. యంత్రం లాగింది. ముప్పైయా? నిన్నటిదాకా బాబాయి ఎత్తుతున్నది ఐదు కిలోల డంబెల్, అదీ రెండుచేతులా పట్టుకుని, మూలుగుతూ.

గోడమీదున్నాయన అంటే వేరే ఎవరో కాదు. క్లినిక్కు గోడకి, చేతులు కడుక్కునే కుండీ పక్కన, నాలుగు గుండుసూదులతో గుచ్చిన గ్రాఫు కాగితం మాస్టారిది. ఎవరూ అడగలేదు. ఆ అమ్మాయి ఒక చిన్న డైరీలో తారీఖూ బరువూ రాసుకుంటుంటే మాస్టారి ప్రాణం ఊరుకోలేదు, ఇలాగా లెక్కలు రాయడం, నేను గీసి ఇస్తానుండండి అని, ఇంటికెళ్ళి, పెన్సిలు సూదిలా చెక్కి, అడ్డంగా వారాలు, నిలువుగా కిలోలు, ఒక గడికి ఐదు కిలోల స్కేలు, మూలన స్కేలు ఎంతో అందంగా రాసి, నీలం సిరాతో గీత. మొదటి ఐదు వారాలూ గీత నేలని పట్టుకుని పాకింది. ఆరో వారం తల ఎత్తింది. ఆపైన అలా అలా ఎక్కి ఎక్కి పదహారో వారానికి ఎనభై కిలోల దగ్గర నిలబడింది, ఈ క్లినిక్కులో అంతకన్నా ప్లేట్లు లేవు గనక. దాని కింద ఆ అమ్మాయి తన చేత్తో రాసుకుంది, కేవలం వ్యాయామంతో అని. కొత్తగా వచ్చిన ప్రతి పేషెంటునీ భుజం పట్టుకుని ఆ గోడ దగ్గరికి తీసుకెళ్ళి చూపిస్తుంది. చదువు పూర్తయి రెండేళ్ళు కాలేదు, ఆ గ్రాఫు చూసి వాళ్ళ ప్రొఫెసరు మెచ్చుకుందట. ఆ రోజు ఆ అమ్మాయి మొహం మతాబాలా వెలిగింది, మాస్టారు కూడా సిగ్గులేకుండా ఆ వెలుగులో నిలబడి కాలరు సవరించుకున్నారు.

ఆరో వారం. ఆరో వారం ఏం జరిగిందో ఆ గ్రాఫుకి తెలియదు, ఇంట్లో ఒక రేకు జామెట్రీ బాక్సుకి తెలుసు. దాంట్లో వృత్తలేఖిని ఉండాల్సిన చోట సిరంజిలు, కోణమానిని ఉండాల్సిన చోట నూనెరంగు మందున్న బుల్లి సీసాలు. ఆ బాక్సు అలమరలో పాత జవాబు పత్రాల కట్ట వెనకాల ఉంటుంది, లెక్కల మాస్టారి జవాబు పత్రాలు ముట్టుకునే ధైర్యం ఈ భూమ్మీద ఎవరికుంది? ఇచ్చినవాడు జిమ్‌లో కుర్రాడు, అందరూ కండల డాక్టరంటారు, చేసేది సెల్‌ఫోన్ కవర్ల వ్యాపారం. "మాస్టారూ, స్టెరాయిడ్ అనగానే కంగారుపడకండి, ఇది కీళ్ళకి గ్రీజు లాంటిది" అన్నాడు, ఒక చేత్తో సీసా చూపిస్తూ, ఇంకో చేత్తో ఎవరికో ఫోన్ కవరు బేరమాడుతూ. నలభై మూడేళ్ళ మనిషి, ఇరవయ్యేళ్ళుగా పిల్లలకి తర్కం చెబుతున్న మనిషి, ఆ గ్రీజు మాట విని తలూపి వచ్చాడు. ఎందుకంటే ఆ వారమే స్కూల్లో కుట్టు టీచరు, ఆవిడ బరువు మహా అయితే నలభై ఉంటుంది, మాస్టారి చేతిలోంచి నోటుపుస్తకాల కట్ట లాగేసుకుని, ఇటివ్వండి, మీకసలే నడుం బాలేదు అని, మెట్లన్నీ తనే మోసుకెళ్ళింది. స్టాఫురూములో ఇన్నేళ్ళుగా వస్తాదు అని పిలిపించుకున్న మాస్టారు రెండో అంతస్తుదాకా ఆవిడ వెనకాల ఖాళీ చేతులూపుకుంటూ నడిచారు. ఆవిడ మంచికే చేసింది పాపం. ఆ మంచే గుండెలో గుచ్చుకుంది.

నిజం చెప్పుకోవాలంటే ఆ పదకొండు వారాలూ బాగున్నాయి, ఎందుకు అబద్ధమాడాలి, దివ్యంగా ఉన్నాయి. మందు మొదలెట్టిన మూడోవారానికి చొక్కా భుజాలు బిగిశాయి, అన్నీ తినాలనిపించింది, నేలమీంచి బారు లేస్తున్నప్పుడు ఆ ఇనుము వంగి, ప్లేట్లు చిన్నగా టింగుమని, బరువంతా ఒక్క క్షణం ఆలోచించుకుని సరే పద అన్నట్టు లేచే ఆ క్షణం ఉంది చూడండి, అది తిరిగొచ్చింది. నొప్పి పోయింది. నొప్పే పోయిందో, నొప్పిని వినే చెవి పోయిందో. ఎవరెలా ఉందని అడిగినా బ్రహ్మాండం అనేవారు. పాలవాడికీ బ్రహ్మాండమే, హెడ్‌మాస్టరుకీ బ్రహ్మాండమే, ఇల్లాలికీ బ్రహ్మాండమే. వీపంతా మొటిమలు లేచాయి, ఎండాకాలం అన్నారు. బీపీ పెరిగింది, పరీక్షల టెన్షనన్నారు. ఒకరోజు సుద్దముక్క కింద పడేసినందుకు ఒక పిల్లాడి మీద గావుకేక పెడితే క్లాసంతా బిక్కచచ్చిపోయింది, ఆ కేక తనదేనా అని మాస్టారే ఉలిక్కిపడ్డారు, దానికి మాత్రం ఏ కారణమూ దొరకలేదు. ఇంకో మూడు వారాల్లో నలభై దాటినవాళ్ళ బరువులెత్తే పోటీ, పేరిచ్చేశారు, ఈ అమ్మాయికి చెప్పకుండా. కండలకి కబురందింది, దౌడు తీశాయి. డిస్కుకి ఎవరూ కబురు చెప్పలేదు, అది పాపం ఆర్నెల్ల కిందట ఎక్కడుందో అక్కడే కూర్చుని, పైనుంచి ఎనభై కిలోలు పడుతుంటే ఎవర్రా అది అని తొంగిచూస్తోంది. దొర అందుకే లేవలేదు. ఈ లెక్క చేయడానికి ఎమ్మారై అక్కర్లేదు, ఆరో తరగతి చాలు.

యంత్రం వదిలింది. పది సెకన్లు. చెప్పేస్తే? చెబితే పోటీ పోతుంది. ఇంట్లో తెలుస్తుంది, ఇల్లాలు అరవదు, అరిస్తే బాగుండును, మౌనంగా జామెట్రీ బాక్సు తెచ్చి బల్లమీద పెట్టి కూర్చుంటుంది. ఆ అమ్మాయి మొహం ఏమవుతుంది, ప్రొఫెసరు మెచ్చుకున్న మొహం. పోనీ చెప్పకుండా ఏదో ఒక వంకతో ఆపితే? బాబాయ్, ఇవాళ మబ్బుగా ఉంది, రేపెత్తు అంటే? ఛీ. మళ్ళీ లాగింది. క్లాసులో సమాధానం ఒక్కటే రాసి స్టెప్పులు ఎగ్గొట్టిన పిల్లకి మాస్టారు సున్నా వేస్తారు, సమాధానం సరైనా సరే సున్నాయే, ఇరవయ్యేళ్ళుగా ఒకటే పాట, ఎలా వచ్చిందో చూపించు, చూపించకపోతే నీ పక్కవాడు నిన్ను చూసి తప్పు రాస్తాడు. ఒకసారి ఒక పిల్ల ఏడుస్తూ, జవాబు కరెక్టే కదా సార్ అంటే, నీకు కరెక్టే, నిన్ను చూసి రాసేవాళ్ళ మాటేంటమ్మా అన్నారు. ఎంత చక్కగా చెప్పారో ఆ రోజు. పక్కవాడు ఇప్పుడు తెర అవతల కొత్త బూట్ల లేసులు బిగిస్తున్నాడు.

"అమ్మా, నీకో మాట చెప్తా, మా ఆవిడకి మాత్రం చెప్పకు" అంటున్నాడు బాబాయి గొంతు తగ్గించి, ముప్పై రెండేళ్ళు ఇంజను పక్కన కూర్చున్న మనిషి గొంతు తగ్గించినా వీధిదాకా వినిపిస్తుంది. "నువ్వు పూటకోసారి చెయ్యమన్నవి నేను మూడుసార్లు చేస్తున్నా. తెల్లారుజామున లేచి మేడమీదకెళ్ళి చేస్తున్నా. అయినా నా గీత లేవట్లా. మా ఆవిడేమో, ఆ మాస్టార్ని చూసైనా బుద్ధి తెచ్చుకో, నీకు మొదట్నించీ సోమరితనం ఎక్కువ అంటుంది. నిజమేననుకుంటా. మాస్టారి పట్టుదల నాకేదీ? వొళ్ళు వంగని మనిషిని." ఆ అమ్మాయి, అలా అనుకోకండి బాబాయ్ గారూ అంటోంది, ఇనుప ప్లేటు ఒకటి బారులోకి జరిగింది, టింగ్, ఇంకోటి అటువైపు, టింగ్. ఇదా ఇన్నాళ్ళూ ఆ గ్రాఫు చేస్తున్న పని? ముప్పై కిలోలు ఇవాళ్టి సంగతి, పదకొండు వారాలుగా ప్రతి తెల్లారుజామునా ఒక పెద్దమనిషి మేడమీద నన్ను చూసి తనని తాను తిట్టుకుంటున్నాడా? నా నీలం సిరా గీత చూసి? లేవబోయారు, ఛాతీ బెల్టు వెనక్కి లాగింది. ఎనభై కిలోలెత్తే మనిషి రెండు వేళ్ళ వెడల్పు బెల్టుకింద గిలగిల్లాడుతున్నాడు. "బాబాయ్!" అన్నారు, యంత్రం రొదలో కలిసిపోయింది. "చేతులు చాచి వంగండి, నడుం నిటారుగా" అంటోంది ఆ అమ్మాయి అవతల.

మాస్టారు మీట నొక్కారు.

గంట ఎంత గట్టిగా మోగుతుందో మాస్టారికి ఇంతవరకూ దగ్గర్నుంచి తెలియదు. యంత్రం ఆగింది, తెర సర్రున పక్కకి జరిగింది, ఆ అమ్మాయి మొహం, ఆమె భుజం మీదుగా బాబాయి మొహం, రెండూ తెల్లబోయి ఉన్నాయి. "ఏమైంది మాస్టారూ? నొప్పొచ్చిందా? మీరెప్పుడూ నొక్కరే!"

"నాకేం కాలేదు. ఆయన్ని ఆ బారు ముట్టుకోవద్దనండి." అన్నాక, ఆగితే మళ్ళీ చెప్పలేనని తెలిసి, సీలింగు పలకలవైపు చూస్తూ ఆగకుండా చెప్పేశారు, సీసాలు, సిరంజిలు, గ్రీజు, జామెట్రీ బాక్సు, పోటీ, ఒకదాని తర్వాత ఒకటి, స్టెప్పులు ఏదీ వదలకుండా. చెప్పి కళ్ళు మూసుకున్నారు.

"ఎన్నో వారం నించి?" అంది ఆ అమ్మాయి.

"ఆరు."

ఆ అమ్మాయి బెల్టులు విప్పింది, కాస్త గట్టిగానే లాగి విప్పింది. "కాలు చూపించండి. వేలు లేపండి. నేను కిందకి నొక్కుతా, మీరు ఆపండి." దొర మీద ఆ అమ్మాయి బొటనవేలు పెట్టింది, దొర పాపం ప్రయత్నించాడు, కళ్ళూ నోరూ ఉన్న మొహంతో మెల్లగా తలొంచుకున్నాడు. "ఎప్పట్నించి ఇలా?" "ఇవాళ పొద్దున్నించి." "పొద్దున్నించీ! మీకేమైనా బుద్ధుందా మాస్టారూ?" అని మాట అనేసి నాలిక్కరుచుకుంది, అయినా వెనక్కి తీసుకోలేదు. ఫోనెత్తి పెద్ద డాక్టరుతో మాట్లాడి, రేపు తొమ్మిదింటికి అంది. "ఆ సీసాలు కూడా పట్టుకెళ్ళి ఆయనకి చూపించండి. ఎలా ఆపాలో ఆయన చెప్తారు, మీ అంతట మీరు ఇంకో ఘనకార్యం చెయ్యకండి. వేలు ఇంకా నీరసించినా, కాళ్ళ మధ్య తిమ్మిరెక్కినా రేపటిదాకా ఆగకూడదు, రాత్రికి రాత్రే వెళ్ళాలి, తెలిసిందా?" తర్వాత గోడ దగ్గరికెళ్ళి, కేవలం వ్యాయామంతో అన్న తన అక్షరాలవైపు కాసేపు చూసి, ఎర్ర పెన్ను తెచ్చి మాస్టారి చేతిలో పెట్టింది. "మీరు గీసిందే. మీరే దిద్దండి." ఆ అమ్మాయి కళ్ళు ఎర్రబడ్డాయి. మాస్టారు కుంటుకుంటూ వెళ్ళి, స్కేలు పెట్టి, ఆరో వారం దగ్గర నిలువుగా ఎర్రగీత గీశారు. గీత నిటారుగానే వచ్చింది, అలవాటు. గీతకి ఇటు ఐదు వారాలు వ్యాయామం, అటు పదకొండు వారాలు మందు అని రాశారు. రాయడం అవగానే, ఎందుకో, యంత్రం వదిలినట్టు ఒంట్లో ఏదో వదిలింది.

ఇంతసేపూ డ్రైవరు బాబాయి కళ్ళజోడు ముక్కుమీదకి జార్చి గ్రాఫుకి మొహం ఆనించి వేలితో గడులు లెక్కపెడుతున్నాడు. తిడతాడేమోనని మాస్టారు ఎదురుచూస్తున్నారు, తిడితే తీసుకుందామనే ఉన్నారు. "మాస్టారూ" అన్నాడు. "ఈ ఎర్రగీతకి ఇవతల, ఐదో వారానికి, మీరు ఎత్తింది ఎంత?"

"ఎనిమిది కిలోలు బాబాయ్."

"అమ్మాయీ, ఐదో వారానికి నేను?"

ఆ అమ్మాయి డైరీ తిరగేసింది. "మూడు."

"అప్పుడు మూడు. ఇప్పుడు ఐదు. నాకు అరవై నాలుగు, ఈయనకెంత, నలభై మూడా? ఇరవై ఒక్క ఏళ్ళు. ముప్పై రెండేళ్ళ డ్రైవింగు. అంటే..." బాబాయి ఆగాడు. లెక్క ఎక్కడికి పోతోందో అతనికే నమ్మశక్యంగా లేదు. "అంటే నేను సోమరిని కాదన్నమాట!" అన్నాడు, అని, కొత్త బూట్లతో నేలని ఒక్క తన్ను తన్ని, పగలబడి నవ్వాడు. నవ్వు నడుంలో పట్టేసింది, అబ్బా అని చెయ్యి పెట్టుకుని మళ్ళీ నవ్వాడు. "చంపేశారు కదయ్యా మాస్టారూ! పది వారాల బట్టీ ఆ మేడమీద నన్ను నేను ఎన్ని తిట్లు తిట్టుకున్నానో! బస్సుకి అడ్డొచ్చినవాణ్ణి కూడా అన్ని తిట్టలేదు!" ఆ అమ్మాయికి కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వొచ్చేసింది, ముగ్గురూ కలిసి నవ్వుతుంటే బయట వరసలో కూర్చున్నవాళ్ళు తెర సందులోంచి తలలు పెట్టి చూశారు. ఎంత చిత్రం, తిట్లు తినాల్సినచోట నవ్వు తింటున్నాను అనుకున్నారు మాస్టారు, అది తిట్లకన్నా లోతుగా దిగుతోందని కూడా తెలుస్తోంది.

బాబాయి అప్పటికే జేబులోంచి ఫోను తీసి నంబరు నొక్కేశాడు. "ఏమే, నేను. ఆఁ, ఏం కాలేదు. నీకో సంగతి, నేను సోమరిని కాదు, లెక్కలతో సహా రుజువైంది. ఎవరన్నారా? మాస్టారే చెప్తారు, ఉండు, ఇదిగో ఆయన్నే అడుగు." ఫోను మాస్టారి చేతిలో పడింది. ఎన్నడూ చూడని మనిషి. మొదటిసారి చెప్పినంత కష్టంగా లేదు రెండోసారి, అని మాస్టారు చెబుతూ చెబుతూనే గమనించారు, ఇల్లాలికి చెప్పేసరికి మూడోసారవుతుంది, కూతురికి నాలుగోసారి, దొరకి నిద్ర చాలక కాదమ్మా అని. "అమ్మా, ఆయన తప్పేం లేదు. ఆయన ఎత్తిన ప్రతి కిలో ఆయనదే. నేనెత్తినవి నావి కావు, మందు పొడుచుకుని ఎత్తాను. నన్ను చూపించి ఆయన్ని ఇక ఏమీ అనకండి."

అవతల ఆవిడ వెనకాల కుక్కరు కూత ఒకటి వినిపించి ఆగింది. "అయ్యో, ఊరికే ఆడిపోసుకున్నానన్నమాట ఈయన్ని" అంది ఆవిడ, తనలో తను అనుకుంటున్నట్టు. ఆ తర్వాత, పెద్దావిడ గొంతు కాస్త దగ్గరకొచ్చింది. "మరి మీకెలా ఉంది బాబూ నడుం?"

బ్రహ్మాండం, నాలిక చివరిదాకా వచ్చింది, పదకొండు వారాల అలవాటు. మాస్టారు కిందకి చూశారు. దొర చాపమీద పెన్ను కళ్ళతో పైకి చూస్తున్నాడు.

"నొప్పిగా ఉందమ్మా" అన్నారు.